బాయిలర్ వెనక్కి వెళ్ళి చూడండి

పోయిన సంచికలో ఉద్గార గుణకాల గురించి నాలుగు మాటలు రాస్తే, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ వాటి మీదే. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పి మొదలుపెడతాను. ప్రతి ఫ్యాక్టరీ చిమ్నీలోంచి వచ్చేదాన్ని ఏడాది పొడుగునా కొలవడం కుదరదు. అందుకని కొన్ని చోట్ల కొలిచినవాటి సగటు తీసి, 'టన్ను బొగ్గుకు ఇన్ని కిలోల ధూళి' అని పట్టికల్లో వేస్తారు. అదే ఉద్గార గుణకం. మనవాళ్ళంతా ఎమిషన్ ఫ్యాక్టర్ అంటారు. కాల్చిన ఇంధనాన్ని దాంతో గుణించి, అందులోంచి ఫిల్టరు పట్టుకున్న భాగం తీసేస్తే ఏడాది ఉద్గారం వస్తుంది. గుణకారం ఎవరైనా చేస్తారు. ఏ అంకెతో గుణించాలన్న దగ్గరే చిక్కంతా.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఒక ఫ్యాక్టరీ పర్యావరణ విభాగంలో చేరి ఎనిమిది నెలలైంది. మాది బొగ్గు బాయిలర్. ఏడాదికి 20,000 టన్నులు కాలుస్తాం, బూడిద 36 శాతం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి గుణకాల పుస్తకం ఏపీ-42 తెరిస్తే బొగ్గు బాయిలర్ల కిందే బోలెడు వరసలున్నాయి. ఒక వరసకీ ఇంకో వరసకీ ఇరవై రెట్లకు పైగా తేడా వస్తోంది. మా సీనియర్ 'ఎక్కువది వేసెయ్యి, ఎవరూ తప్పు పట్టరు' అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏది తీసుకోవాలి?

జవాబు: మీ మనసు ఒప్పకపోవడం మంచి లక్షణం, దాన్ని పోగొట్టుకోకండి. ఎక్కువ వేస్తే తప్పు లేదనుకోవడం పొరపాటు. ఈ ఏడాది ఎక్కువ చూపించి, వచ్చే ఏడాది సరైన అంకె వేశారనుకోండి. గాలిలోకి వెళ్ళే ధూళి ఒక్క కిలో కూడా తగ్గకుండానే కాగితం మీద కాలుష్యం తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ తగ్గుదలని ఎవరో ఒకరు నిజమనుకుంటారు.

ముందు మీ అంకెలతోనే లెక్క వేద్దాం. బొగ్గును పిండిలా నూరి గాలితో ఊది కాల్చే బాయిలర్‌కు ఏపీ-42 ఇచ్చే ధూళి గుణకం షార్ట్ టన్నుకు 10ఏ పౌండ్లు. ఇక్కడ 'ఏ' అంటే బూడిద శాతం. పౌండ్లు, షార్ట్ టన్నుల లెక్కను కిలోలు, మెట్రిక్ టన్నుల్లోకి మార్చాలంటే సగం చేస్తే చాలు. అంటే 5ఏ కిలోలు. మీ 36 శాతానికి టన్నుకు 180 కిలోలు. బొగ్గును గ్రేటు (మంట కింది ఇనుప జల్లెడ) మీదకి విసిరే స్ప్రెడర్ స్టోకర్‌కు 66 పౌండ్లు, అంటే 33 కిలోలు. గ్రేటు మీద బొగ్గు పరుచుకుని మెల్లగా ముందుకు సాగే ఓవర్‌ఫీడ్ రకానికి 16 పౌండ్లు, అంటే 8 కిలోలు. ఇవన్నీ ఏ ఫిల్టరూ లేకుండా ఉన్న లెక్కలు. మీ 20,000 టన్నులకు మొదటి దాంతో 3,600 టన్నుల ధూళి, రెండో దాంతో 660, మూడో దాంతో 160. బొగ్గు అదే, బూడిద అదే. మారిందల్లా బూడిద ఎటు పోతుందన్నది. పిండి చేసి ఊదితే బూడిద పొగతోపాటు పైకి లేస్తుంది. గ్రేటు మీద కాలిస్తే చాలావరకు అక్కడే మిగిలి కింద గుంటలో పడుతుంది.

కాబట్టి పట్టిక తెరవకముందే మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. బాయిలర్ దగ్గరికి నడిచి వెళ్ళండి. ముందు వైపు నుంచి చూసి వచ్చెయ్యకండి, వెనక్కి కూడా వెళ్ళండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను వెళ్ళకుండా చేసిన తప్పు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. ఒక పారిశ్రామిక ప్రాంతం మొత్తానికి ఉద్గారాల జాబితా తయారు చేస్తున్నాం. ఒక ఫ్యాక్టరీ ఫైల్లో 'బొగ్గు బాయిలర్, ఒకటి' అని మాత్రమే ఉంది. బొగ్గు పరిమాణం కూడా మీకు దగ్గర్లోనే. నేను పిండి బొగ్గు గుణకం వేసేశాను. జాబితాలో ఆ ఒక్క ఫ్యాక్టరీయే మిగిలినవాటన్నిటి మీదా కొండలా నిలబడింది. అప్పుడు అనుమానమొచ్చి వెళ్ళాను. చూస్తే స్ప్రెడర్ స్టోకర్. నా అంకె ఐదున్నర రెట్లు తప్పు. సరే అని గుణకం మార్చుకుని, మల్టీ సైక్లోన్ (పొగను సుడి తిప్పి ధూళిని విడదీసే గొట్టాల వరస) ఉందని రాసుకుని తిరిగి వచ్చేయబోతుంటే, నాతో వచ్చిన ఆపరేటర్ ఒక ఇనుప కడ్డీ తీసుకుని బాయిలర్ వెనక్కి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. సైక్లోన్ కింద గరాటులాంటి తొట్టి ఉంటుంది, పట్టిన బూడిద అందులో పడుతుంది. ఆ తొట్టి కింద బస్తానో, ట్రాలీయో ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. నా మణికట్టు కంటే కాస్త లావైన గొట్టం ఒకటి అక్కణ్ణుంచి ఏటవాలుగా ఫర్నేసు గోడలోకి వెళ్ళిపోతోంది. రంగు కాలి పెచ్చులూడిపోయింది. ఆపరేటర్ కడ్డీతో నాలుగు దెబ్బలు వేశాడు, లోపల ఇసుక జారినట్టు చప్పుడైంది. 'ఇదెక్కడికి పోతుందయ్యా' అని అడిగాను. 'మళ్ళీ లోపలికే పోతుందమ్మా. ఇందులో ఇంకా కాలని బొగ్గుంటది కదా, వేస్టు ఎందుకని' అన్నాడు.

అతను చెప్పింది నిజమే. కాలని కార్బన్ని మళ్ళీ మంటలోకి పంపితే బొగ్గు ఆదా అవుతుంది. కానీ ఆ సన్నటి బూడిద కూడా మళ్ళీ పొగలోకి ఎక్కుతుంది. ఏపీ-42లో స్ప్రెడర్ స్టోకర్, మల్టీ సైక్లోన్ కింద అందుకే రెండు వరసలున్నాయి. బూడిద తిరిగి లోపలికి పంపితే టన్నుకు 17 పౌండ్లు, పంపకపోతే 12. అంటే 8.5 కిలోలు, 6 కిలోలు. మీ 20,000 టన్నుల మీద 170 టన్నులా, 120 టన్నులా అన్నది ఆ గొట్టం చెబుతుంది. ఏ ఫైల్లోనూ ఆ గొట్టం ప్రస్తావన లేదు.

ఇంకొక్క మాట. అమెరికా బొగ్గులో బూడిద సాధారణంగా 10 శాతం చుట్టూ ఉంటుంది. స్టోకర్ గుణకాలు అలాంటి బొగ్గు మీద కొలిచినవి, వాటిలో 'ఏ' అన్న గుర్తు లేదు కాబట్టి బూడిద పెరిగితే ఏమవుతుందో ఆ అంకె చెప్పదు. మీది 36 శాతం. కనుక వరస సరిగ్గా కుదిరినా, దాన్ని తాత్కాలికంగా పెట్టుకోండి. మీ చిమ్నీ మీద స్టాక్ టెస్ట్, అంటే పొగ శాంపిలు తీసి నేరుగా కొలిచే పరీక్ష, చేయించే దాకా ఆ అంకె పక్కన 'తక్కువ అంచనా అయ్యే అవకాశం ఉంది' అని రాసి ఉంచండి.

ప్రశ్న: ల్యాబ్ రిపోర్టులో మా బొగ్గులో గంధకం 0.5 శాతం అని ఉంది. సల్ఫర్ డయాక్సైడ్‌కి పట్టిక వాడాలా, ల్యాబ్ అంకెతో నేరుగా లెక్క కట్టాలా?

జవాబు: రెండూ ఒకటే. పట్టికలో 38ఎస్ అని ఉంటుంది, 'ఎస్' అంటే గంధకం శాతం. కిలోల్లో 19ఎస్. మీకు టన్నుకు 9.5 కిలోలు. ఇప్పుడు చేత్తో వేసి చూడండి. టన్ను బొగ్గులో 0.5 శాతం అంటే 5 కిలోల గంధకం. గంధకం పరమాణు భారం 32, సల్ఫర్ డయాక్సైడ్ అణుభారం 64. బరువు రెట్టింపవుతుంది కాబట్టి 10 కిలోలు. పట్టిక 9.5 అంటోంది, అంటే గంధకంలో 95 శాతం పొగలోకి పోయి మిగతా 5 శాతం బూడిదలో ఉండిపోతుందని. ఫర్నేస్ ఆయిల్‌కి వెయ్యి గ్యాలన్లకు 157ఎస్ పౌండ్లు ఇచ్చారు. అది దాదాపు పూర్తి మార్పిడి, ఎందుకంటే నూనెలో గంధకాన్ని పట్టి ఉంచేంత బూడిద లేదు. ఈ గుణకాలు ఇంధనంలోంచే పుట్టాయి కాబట్టి వాటిని ధైర్యంగా నమ్మొచ్చు. ఫర్నేసులో సున్నపురాయి వేసే ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్ అయితే మాత్రం ఇది వర్తించదు.

జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. ల్యాబ్ అంకె ఎండబెట్టిన బొగ్గుదా, వచ్చింది వచ్చినట్టు కొలిచిందా? తేమ 12 శాతం ఉంటే, ఎండు బొగ్గు మీద 0.5 అన్నది మీరు తూకం వేసి కాల్చే బొగ్గు మీద 0.44 అవుతుంది. రిపోర్టు పైభాగంలో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది.

నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్ అలా కాదు. అవి మంట వేడిని బట్టీ, గాలి కలిసే తీరును బట్టీ పుడతాయి. ఒకే బొగ్గుని పిండి చేసి కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ టన్నుకు 0.25 కిలో. చేత్తో పారతో వేసే చిన్న పొయ్యిలో 137.5 కిలోలు. 550 రెట్లు! ఇంధనం రిపోర్టు చూసి ఆ తేడా ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: మా ఈఎస్పీ (కరెంటు చార్జితో పొగలోని ధూళిని పట్టే ఫిల్టరు) సామర్థ్యం 99.5 శాతం అని సరఫరాదారు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. దాన్నే లెక్కలో వాడుతున్నాం. ఆడిట్‌కి వచ్చినాయన అడ్డం తిరిగారు. ఇందులో తప్పేముంది మేడమ్?

జవాబు: మీ సరఫరాదారు అబద్ధం చెప్పారని ఆయన ఉద్దేశం కాదనుకుంటాను. ఆ కాగితం మీద ఉన్నది డిజైన్ చేసిన పొగ పరిమాణం, డిజైన్ చేసిన ఉష్ణోగ్రత, అన్ని ఫీల్డులూ, అంటే ధూళి పట్టే అరలన్నీ, పనిచేస్తున్నప్పటి మాట. ఏడాది అంతా అలాగే నడిచిందా?

మీరే వేసుకోండి. ఈఎస్పీ లేకపోతే ఏడాదికి 100 టన్నుల ధూళి వస్తుందనుకుందాం. 99.5 శాతం పడితే బయటికి 0.5 టన్ను. ఇప్పుడు బాయిలర్ నడిచిన 8,000 గంటల్లో 160 గంటలు, అంటే 2 శాతం సమయం, ఈఎస్పీ ట్రిప్పయి, అంటే ఆగిపోయి, ఉందనుకోండి. ఆ గంటల్లో వచ్చిన 2 టన్నులూ నేరుగా బయటికి. మిగతా 98 టన్నుల్లోంచి 0.49 టన్ను. మొత్తం 2.49 టన్నులు. మీరు రాసినదానికి ఐదు రెట్లు. ఆ ఐదు రెట్లలో ఎక్కువ భాగం 160 గంటల్లోనే వెళ్ళిపోయింది, మిగిలిన 7,840 గంటలూ కలిపి దాంట్లో నాలుగో వంతు కూడా లేవు.

అందుకని నేను ఆడిట్‌కి వెళితే సామర్థ్యం కాగితం తర్వాత చూస్తాను. ముందు కంట్రోల్ రూములో లాగ్‌బుక్ అడుగుతాను. బాయిలర్ చల్లగా మొదలుపెట్టినప్పుడు నూనెతో మండించే గంటల్లో ఈఎస్పీ ఎప్పుడు చార్జ్ చేస్తారు? కాలని నూనె ఆవిరి ఉన్నప్పుడు నిప్పురవ్వ భయంతో ఆపి ఉంచుతారు, అది భద్రత కోసం చేసే పనే. కానీ ఆ గంటల లెక్క ఎక్కడో ఒకచోట ఉండాలి. స్టార్టప్, షట్‌డౌన్, ట్రిప్పు, ఈ మూడింటికీ వేరే వరసలు పెట్టి, వాటికి ఫిల్టరు లేని గుణకం వేసి చూపించండి. ఆడిటర్ ఇక మాట్లాడరు. మాట్లాడినా మీ దగ్గర జవాబు ఉంటుంది.

ఇంకో తప్పు కూడా తరచూ చూస్తుంటాను. పట్టికలో తీసుకున్న గుణకమే ఫిల్టరు తర్వాతది అయి ఉంటుంది. దాని మీద మళ్ళీ 99.5 శాతం తగ్గిస్తారు. ఒకే ధూళిని రెండుసార్లు పట్టుకున్నట్టవుతుంది. వరస శీర్షికలో 'అన్‌కంట్రోల్డ్' (ఫిల్టరు లేనిది) అన్న మాట ఉందో లేదో వేలుపెట్టి చదవండి. సైక్లోన్ల విషయంలో ధూళి సైజు కూడా చూడాలి. మొత్తం ధూళిలో 80 శాతం పట్టే సైక్లోను, ఊపిరితిత్తుల లోతుకి పోయే పీఎం 2.5లో అందులో సగం కూడా పట్టలేకపోవచ్చు. మొత్తానికి ఉన్న సామర్థ్యాన్ని సన్నధూళికి వేస్తే, మనుషులకి ఎక్కువ హాని చేసేదాన్నే తక్కువ చేసి చూపించినట్టు.

ప్రశ్న: మా ఇల్లు ఒక ఫ్యాక్టరీకి కిలోమీటరు లోపే. తెల్లవారుజామున నల్లటి పొగ వస్తుంది, మేడ మీద ఆరేసిన బట్టల మీద నుసి పడుతుంది. మా నాన్నగారికి ఆయాసం. ఫ్యాక్టరీ వాళ్ళ వార్షిక నివేదికలో మాత్రం ధూళి ఏడాదికి కొద్ది టన్నులే అని ఉంది, 'అంతర్జాతీయ గుణకాల ప్రకారం' అట. మాలాంటివాళ్ళు దీన్ని ప్రశ్నించొచ్చా? మాకు ఇంజనీరింగ్ తెలీదు.

జవాబు: ప్రశ్నించొచ్చు తల్లీ, ప్రశ్నించాలి. మీకు ఇంజనీరింగ్ రానక్కర్లేదు.

ముందు 'అంతర్జాతీయ గుణకం' అన్న మాటకి భయపడకండి. ఏపీ-42 మొదటిసారి 1968లో వచ్చింది, ఐదో కూర్పు 1995లో. ఆ తర్వాత అధ్యాయాల వారీగా మారుస్తూ వచ్చారు. ఒక పెద్ద ప్రాంతంలో ఉన్న ఫ్యాక్టరీలన్నిటినీ కలిపి మొత్తం అంచనా వెయ్యడానికి దాన్ని తయారుచేశారు. దాని పీఠికలోనే స్పష్టంగా రాసి ఉంది: గుణకం సగటు కాబట్టి, దాదాపు సగం ఫ్యాక్టరీల ఉద్గారాలు దానికంటే ఎక్కువ ఉంటాయి, సగం తక్కువ. ఒక ఫ్యాక్టరీ పరిమితికి లోబడి ఉందని చూపించడానికి ఈ గుణకాలు తగవని కూడా అదే పుస్తకం చెబుతుంది. 2020 నవంబరులో ఈపీఏ ఈ సంగతి గుర్తు చేస్తూ ప్రత్యేకంగా ఒక హెచ్చరిక కూడా విడుదల చేసింది. మీ పక్కనున్న ఫ్యాక్టరీ పైసగంలో ఉందా, కింది సగంలో ఉందా అన్నది గుణకం ఎప్పటికీ చెప్పలేదు. కొలిస్తేనే తెలుస్తుంది.

కాగితం మీద రాతపూర్వకంగా ఇవి అడగండి. ఏ పట్టిక, ఏ సంవత్సరం కూర్పు, ఏ వరస. దాని నాణ్యత అక్షరం, అంటే పట్టికలో గుణకానికి ఏ నుంచి ఈ దాకా ఇచ్చే రేటింగు, ఏమిటి. ఏడాదికి కాల్చిన ఇంధనం ఎంత, అది కొనుగోలు బిల్లుల్లోంచి తీసుకున్నదా, అంచనానా. ఫిల్టరు ఆగిపోయిన గంటలు ఎన్ని, వాటిని లెక్కలో ఎలా చూపించారు. ఆఖరిసారి స్టాక్ టెస్ట్ ఎప్పుడు చేశారు, ఆ రోజు బాయిలర్ ఎంత లోడు మీద నడిచింది.

మీ వైపు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టండి. నల్లపొగ కనిపించిన తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, గాలి ఎటు వీస్తోంది. వ్యాఖ్యానం వద్దు, అంకెలు చాలు. రెండు నెలల పేజీలు వాళ్ళ లాగ్‌బుక్ పక్కన పెడితే, తెల్లవారుజాము పొగకీ ఫిల్టరు ఆపిన గంటలకీ సంబంధం ఉంటే దానంతటదే బయటపడుతుంది. పైన ఈఎస్పీ గురించి రాసిన జవాబు మీరూ చదవండి, అది మీ మేడ మీద నుసికి సంబంధించినదే కావచ్చు. నాన్నగారిని పొగ ఉన్న వేళల్లో కిటికీలు మూసిన గదిలో ఉంచి, డాక్టరుకి కూడా ఈ తేదీలు చూపించండి.

ప్రశ్న: ఏడాదికోసారి స్టాక్ టెస్ట్ చేయిస్తాం. ఈసారి ఫలితం పట్టిక కంటే బాగా తక్కువ వచ్చింది. ఇకనుంచి మా సొంత గుణకం వాడుకోవచ్చా?

జవాబు: వాడుకోవాలి. సొంత కొలతకి మించిన గుణకం లేదు. అయితే దాన్ని గుణకంగా మార్చాలంటే, పరీక్ష జరుగుతున్న ఆ గంటల్లో ఎంత ఇంధనం కాలిందో కూడా రాసి ఉండాలి. చాలామంది అది మర్చిపోతారు.

ధూళి నార్మల్ ఘనపు మీటరుకి (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనాల దగ్గరికి మార్చిన ఘనపు మీటరు) 120 మిల్లీగ్రాములు, పొగ ప్రవాహం గంటకు 30,000 నార్మల్ ఘనపు మీటర్లు అనుకుంటే, గంటకు 3.6 కిలోలు. ఆ గంటలో 3 టన్నుల బొగ్గు కాలితే టన్నుకు 1.2 కిలోలు. ఇదీ మీ గుణకం. ఇందులో 3 టన్నులు అన్నది నెల సగటులోంచి తీసిందైతే మొత్తం పాడు.

నేను పాతికేళ్ళు చిమ్నీలు ఎక్కి శాంపిళ్ళు తీసినదాన్ని. ఏ పరీక్షనైనా మూడుసార్లు తియ్యాలి, మూడు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. పొగ ఎంత వేగంతో పోతోందో అంతే వేగంతో నాజిల్ లోపలికి పీల్చుకోవాలి, దాన్నే ఐసోకైనెటిక్ అంటాం. వేగం తప్పితే బరువైన రేణువుల లెక్క తప్పుతుంది. పరీక్ష రోజున బాయిలర్‌ని సగం లోడు మీద నడపడం, ముందురోజే ఫిల్టరు బ్యాగులు మార్చడం నేను చూశాను. అలాంటి రోజు తీసిన గుణకం ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది.

ఇంకోటి. మీరు కొలిచింది ఫిల్టరు కాగితం మీద పట్టుకున్న ధూళి మాత్రమే కావచ్చు. వేడిగా ఉన్నప్పుడు ఆవిరిగా ఉండి, బయటి గాలికి చల్లబడగానే సన్నటి కణాలయ్యే భాగం వేరే ఉంటుంది. సహజవాయువు బాయిలర్లకి ఏపీ-42 అంకెలు చూడండి: పది లక్షల ఘనపుటడుగులకు మొత్తం ధూళి 7.6 పౌండ్లు, అందులో ఫిల్టరుకి దొరికేది 1.9, చల్లబడ్డాక గడ్డకట్టేది 5.7. మీ 1.9ని పట్టిక 7.6తో పోల్చి 'మాది నాలుగో వంతే' అనుకుంటే ఎలా?

ప్రశ్న: ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం విద్యార్థినిని. ప్రాజెక్టు కోసం ఏపీ-42, యూరప్ వారి ఈఎంఈపీ/ఈఈఏ గైడ్‌బుక్ రెండూ చూస్తున్నాను. ఏది మంచిది? ఏ, బీ, సీ రేటింగులంటే తప్పు శాతమా? కొన్ని గడుల్లో అంకె బదులు 'ఎన్‌డీ' అని ఉంది, సున్నా వేశాను, సరేనా?

జవాబు: రేటింగు తప్పు శాతం కాదు. ఏ నుంచి ఈ దాకా ఉన్న ఆ అక్షరాలు, గుణకం వెనక ఎన్ని పరీక్షలున్నాయి, అవి ఎంత బాగా చేశారు, ఆ రంగానికి అవి ఎంతవరకు ప్రాతినిధ్యం వహిస్తాయి అన్నదాన్ని చెబుతాయి. 'ఏ' వచ్చిన గుణకం కూడా మీ ప్రాజెక్టు ఫ్యాక్టరీకి రెండు రెట్లు తప్పు కావచ్చు. ఎన్ని రెట్లు తప్పొచ్చో తెలియాలంటే యూరప్ గైడ్‌బుక్ ఉపయోగం. అందులో గుణకం పక్కనే 95 శాతం విశ్వసనీయత హద్దులు, కిందిదీ పైదీ ఇస్తారు. ఆ రెండు హద్దులతోనూ మీ ఏడాది మొత్తం లెక్క కట్టి, మూడు అంకెలూ రిపోర్టులో పెట్టండి. ఒక్క అంకె పెడితే చదివేవాళ్ళు దాన్ని కొలిచిన అంకె అనుకుంటారు.

ఆ గైడ్‌బుక్‌లో టైర్ 1 అంటే ఇంధనం మాత్రమే తెలిసినప్పుడు, టైర్ 2 అంటే యంత్రం రకం, ఫిల్టరు కూడా తెలిసినప్పుడు, టైర్ 3 అంటే ఆ ఫ్యాక్టరీ సొంత వివరాలతో. ఫ్యాక్టరీ పక్కనే ఉండి టైర్ 1 వాడకండి.

రెండు పుస్తకాల్నీ కలిపి వాడేటప్పుడు ఉష్ణ విలువ దగ్గర పడిపోతారు. ఏపీ-42 స్థూల విలువ (పొగలోని నీటి ఆవిరితో పోయే వేడిని కూడా కలిపింది) మీద నడుస్తుంది, యూరప్ గైడ్‌బుక్, ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ వారివి నికర విలువ (ఆ వేడిని తీసేసింది) మీద. సహజవాయువుకి ఆ తేడా సుమారు 10 శాతం, బొగ్గుకి సుమారు 5 శాతం. ఒక పుస్తకం గుణకాన్ని ఇంకో పుస్తకం ఉష్ణ విలువతో గుణిస్తే ఆ మేరకు తప్పు వస్తుంది, చూడ్డానికి అంకె బాగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ దొరకదు.

మూడు పుస్తకాల్లో ఒకే అంకె కనిపిస్తే మూడు రుజువులు దొరికాయని సంబరపడకండి. గైడ్‌బుక్‌లో చాలా వరసలకి ఆధారం ఏపీ-42 అనే ఉంటుంది. 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన త్వరిత అంచనా పట్టికల్ని ఇప్పటికీ వాడేవాళ్ళున్నారు. ఆ అంకెలన్నీ ఏనాటి యంత్రాల మీద కొలిచినవో ఒక్కసారి ఆలోచించండి. డీజిల్ ఇంజన్లే తీసుకోండి. 600 హార్స్‌పవర్ లోపు వాటికి ఏపీ-42 నైట్రోజన్ ఆక్సైడ్ల గుణకం హార్స్‌పవర్-గంటకి 0.031 పౌండు, కిలోవాట్-గంటకి సుమారు 19 గ్రాములు. దాని రేటింగు డీ. పాత ఇంజన్లకి అది నప్పొచ్చు. ఉద్గార ధ్రువపత్రంతో వచ్చిన కొత్త ఇంజన్‌కి ఆ ధ్రువపత్రంలోని అంకె వాడాలి.

ఇక ఎన్‌డీ సంగతి. అది 'నో డేటా'. ఎవరూ కొలవలేదని, లేదా కొలిచినది వాడుకునేలా లేదని అర్థం. అక్కడ సున్నా వేస్తే ఆ కాలుష్యం లేదని మీరు సంతకం పెట్టినట్టు. మీ పట్టికలో ఆ గడిని ఖాళీగా వదిలి, పక్కన 'అంచనా వెయ్యలేదు' అని రాయండి, కింద మొత్తంలో ఇది కలవలేదని కూడా చెప్పండి. ఇప్పటికే రిపోర్టు గైడ్ గారికి ఇచ్చేసి ఉంటే, రేపు పొద్దున్నే వెళ్ళి సున్నాలు మార్చి మళ్ళీ ఇవ్వండి.